వెన్నెల రంగు

ఆ వానాకాలం మా ఇంట్లో ఏది ఏ రంగో ఎవరికీ తెలియకుండా పోయింది. ఆపరేషన్ జరిగింది మామయ్యగారి ఒక్క కంటికే. తికమక మాత్రం పంచిపెట్టినట్టు ఇంటిల్లిపాదికీ వచ్చింది.

మాది ఫోటో స్టూడియో. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. మా ఆయన కెమెరా భుజాన వేసుకుని పెళ్ళిళ్ళనీ పుట్టినరోజులనీ తిరిగేవారు. ఆయన తెచ్చిన ఫోటోలు ముందు నా దగ్గరికి వచ్చేవి. మొటిమలు తీసెయ్యడం, కళ్ళద్దాల మీద పడ్డ మెరుపు చెరపడం, గాలికి మొహం మీదికొచ్చిన వెంట్రుకల్ని ఒక్కొక్కటే ఏరడం, వెనకాల అడ్డంగా నడిచిపోయినవాళ్ళని మాయం చెయ్యడం నా పని. ఆ తర్వాత అవి మామయ్యగారి స్క్రీన్ మీదికి వెళ్ళేవి. రంగు ఆయన సొత్తు. అందులో వేలు పెట్టే ధైర్యం మా ఆయనకి కూడా లేదు.

ఆయన చేతిలో పడ్డ మొహానికి ఒక చల్లదనం వచ్చేది. ఎంత మండుటెండలో తీసిన ఫోటో అయినా, అప్పుడే స్నానం చేసి నీడలో నిలబడ్డట్టు ఉండేవాళ్ళు మనుషులు. ఊళ్ళోవాళ్ళు దానికి ‘వెన్నెల రంగు’ అని పేరు పెట్టారు. మిగతా స్టూడియోలవాళ్ళు ఆ రంగు కోసం తలకిందులుగా తపస్సు చేసినా రాలేదు. ‘ఏ సాఫ్ట్‌వేర్ వాడతారండీ?’ అని అడిగేవాళ్ళు. అందరి దగ్గరా ఉన్నదే మా దగ్గరా ఉంది. మామయ్యగారు నవ్వి తన కళ్ళు చూపించేవారు.

నేను కోడలిగా వచ్చేనాటికి నాకు మౌస్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. అంతా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే. స్క్రీన్ మూలన ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని అంకెలు కనిపిస్తుంటాయి. వాటిని చూడనిచ్చేవారు కాదు. “అంకెలకి మొహం తెలుసా అమ్మాయ్? ఇదిగో, చర్మం అంటే ఇలా ఉండాలి. కళ్ళలో పెట్టుకో,” అనేవారు. నేను పెట్టుకున్నాను.

ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని డాక్టరు ఎప్పటినుంచో చెబుతున్నాడు. అత్తయ్య పోరు పడలేక, వానలు మొదలయ్యే ముందు కుడికంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. వానలు తగ్గాక ఎడమకంటికి చేయాలన్నారు. కట్టు విప్పిన రోజు అత్తయ్య నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చి ఎదురుగా నిలబడితే, ఆయన గ్లాసు అందుకోకుండా ఆవిడ వంకే చూస్తూ ఉండిపోయారు.

“ఏమే, నీ జుట్టు ఇంత తెల్లబడిపోయిందేం? ఎప్పుడు?”

“మీ కళ్ళు మసకబారుతున్నప్పుడే. మీరు చూడలేదు, నేను చెప్పలేదు,” అంది అత్తయ్య.

తర్వాత గోడల వైపు తిరిగారు. “సున్నంలో నీలిమందు ఇంత పోశాడేం వాడు?”

“తెల్లగానే ఉంది కదా నాన్నా,” అన్నారు మా ఆయన.

“ఏం తెలుపు? చాకిరేవులా ఉంది.”

మేమంతా నవ్వాం. డాక్టరు చెప్పే పంపాడు, కొత్త కంటికి కొన్నాళ్ళు అన్నీ నీలంగా కనిపిస్తాయని, అలవాటు పడ్డాక సర్దుకుంటుందని. ఆ మాట చెవిన వేసుకున్నాం గానీ, అది మా షాపుకి కూడా సంబంధించిన మాట అని ఎవరికీ తట్టలేదు.

షాపులోకి వచ్చి స్క్రీన్ ముందు కూర్చోగానే మామయ్యగారు కుర్చీ వెనక్కి నెట్టారు. అందులో ఉన్నది ఒక పెళ్ళి ఆల్బమ్. ఆసుపత్రికి వెళ్ళేముందు ఆయనే పూర్తి చేసి, ప్రింటుకి సిద్ధంగా పెట్టినది.

“ఇదెవరు ముట్టుకున్నారు?”

“ఎవరూ ముట్టుకోలేదు మామయ్యగారూ. మీరు చేసిందే.”

“నేనా? పెళ్ళికూతురి మొహానికి శవానికి వేసినట్టు ఇంత నీలం నేను వేస్తానా?” అని నా వైపు చూశారు. నేను ఆటపట్టిస్తున్నానేమో అన్నట్టుంది ఆ చూపు.

నేను స్క్రీన్ చూశాను. పెళ్ళికూతురు ఎప్పటిలాగే చల్లగా, చక్కగా ఉంది. నాకు ఏ తేడా కనిపించలేదు.

అక్కడ మొదలైంది. మా ఆయన స్క్రీన్ పాతబడిందన్నారు. దాని మీటలు నొక్కి వెలుతురు తగ్గించారు, రంగు పెంచారు. మర్నాడు మామయ్యగారు, కాదు ట్యూబులైటుదే తప్పని కొత్తవి పెట్టించారు. ఎదురు షాపువాడు వానకి కట్టిన నీలం టార్పాలిన్ మన గోడ మీద ప్రతిఫలిస్తోందని నాకు అనుమానం వచ్చింది. నిజంగానే కొంచెం ప్రతిఫలిస్తోంది కూడా. కిటికీకి తెర కట్టాం. ప్రింటర్‌లో నీలం సిరా ఎక్కువ దిగుతోందేమో అని దాన్నీ విప్పి శుభ్రం చేశారు. ఇలా తలా ఒక చెయ్యి వేసేసరికి, ఏది మార్చితే ఏది మారిందో ఎవరికీ అంతుపట్టలేదు. స్క్రీన్ మీద ఒక రంగు, కాగితం మీద ఇంకొకటి, ఫోన్‌లో చూస్తే మూడోది. బయట చూద్దామంటే మబ్బు, లోపల చూద్దామంటే లైటు. పొద్దున్న ఎర్రగా అనిపించింది మధ్యాహ్నానికి పచ్చగా అనిపించేది.

మామయ్యగారు మాత్రం ఆల్బమ్ మొత్తం మళ్ళీ కూర్చుని సరిచేశారు. నీలం తీసేశారు, పసుపు కలిపారు, ఎరుపు కలిపారు. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. ఇన్నేళ్ళూ ఏది వద్దని నేర్పారో అదే చేస్తున్నారు. అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. రంగు ఆయనది కదా.

ఆల్బమ్ తీసుకెళ్ళిన సాయంత్రమే పెళ్ళికూతురి తల్లి తిరిగొచ్చింది. గొడుగు మడవకుండానే లోపలికొచ్చి, ఆల్బమ్ బల్ల మీద తెరిచి పెట్టింది.

“మేం పిల్లకి పెళ్ళి చేశామా, కామెర్లకి మందు పోయించడానికి తీసుకెళ్ళామా? చూడండి మీరే. వంగపండు రంగు బట్టలు కట్టించాను ఏరి కోరి. ఇటుకరాయి రంగులో ఉన్నాయి. మీ రంగు కోసమే కదండీ ఇంత దూరం వచ్చింది!”

మామయ్యగారు పేజీలు తిప్పి చూశారు. తెర వెనకనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. “కామెర్ల కళ్ళకి లోకమంతా పచ్చన.” ఆవిడ తనలో తను అనుకున్నానని అనుకుంది. అందరికీ వినపడింది.

“మళ్ళీ చేసిస్తానమ్మా. వేరే ప్రింటు వేసిస్తాను,” అన్నారు మామయ్యగారు చివరికి.

ఆవిడ వెళ్ళాక మొదటి ఫోటో తెరిచారు. తర్వాత అరచేత్తో కుడికన్ను మూసుకున్నారు. చూశారు. చెయ్యి మార్చి ఎడమకన్ను మూసుకున్నారు. తల వెనక్కి లాక్కున్నారు. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. పిల్లలు ఆడుకున్నట్టు ఎంతసేపు చేశారో!

“అమ్మాయ్,” అన్నారు. “ఒకటే బొమ్మ. ఈ కంటికి ఒక మనిషి, ఆ కంటికి ఇంకో మనిషి. ఇందులో ఆ పిల్ల ఎవరు?”

మీరు అలసిపోయారు మామయ్యగారూ, లేవండి అన్నాను.

ఆయన లేవలేదు. ఆపరేషన్ అయిన కంటివైపు కళ్ళద్దానికి ఒక నల్లకాగితం ముక్క అంటించుకుని, పాత కంటితో ఆల్బమ్ మొత్తం తిరిగి చేశారు. పెళ్ళికూతురి తల్లి ఈసారి చూసి, “ఇదీ! ఇది మీ చెయ్యి!” అని ఫోటోని తడిమి తడిమి చూసుకుంది. అప్పటినుంచి మామయ్యగారు షాపులోకి రాగానే నల్లకాగితం అద్దాలు పెట్టుకునేవారు, ఇంట్లోకి వెళ్ళేటప్పుడు తీసేసేవారు.

ఆసుపత్రినుంచి రెండో కంటి సంగతి అడుగుతూ ఫోన్ వచ్చిన రోజున ఇల్లు దద్దరిల్లింది.

“చేయించుకోను,” అన్నారు మామయ్యగారు.

“చేయించుకోకపోతే ముదిరిపోతుందన్నాడు కదండీ డాక్టరు. తర్వాత తియ్యడం కష్టమన్నాడు,” అంది అత్తయ్య.

“ముదరనీ. అది ముదిరినకొద్దీ షాపు నడిచింది.”

అప్పటిదాకా మాలో ఎవరమూ పైకి అనని మాట అది. ఆయనే అనేశారు, అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా. వెన్నెల రంగు అని ఊరంతా మెచ్చుకున్నది ఆయన కంటిలో పొర. ఆ పొర మొహాల్ని పసుపుపచ్చగా చూపిస్తుంటే, అవి తెల్లబడేదాకా ఆయన నీలం కలుపుతూ పోయారు. ఆయనకి సరిపోయింది. చూసేవాళ్ళకి వెన్నెలైంది.

అత్తయ్య చేతిలో గరిటె కింద పెట్టింది. తర్వాత నా మీదికి తిరిగింది.

“ఆయన కళ్ళు సరే. అమ్మాయ్, నీ కళ్ళు బాగానే ఉన్నాయిగా? రోజూ పక్కనే కూర్చుంటావుగా? నీకెలా కనిపించేవి? ఏది నిజమో నువ్వు చెప్పు.”

నా కళ్ళలో ఏ పొరా లేదు. మరి ఇన్నేళ్ళూ ఆ నీలం నాకెందుకు కనపడలేదు?

ఆ ప్రశ్న నన్ను పట్టుకు వదల్లేదు. మా ఆయనని అడిగితే, “నేను చూసేది కెమెరాలోంచి, అక్కడ మనిషి సరిగ్గా నిలబడ్డాడా లేదా అన్నదే చూస్తాను,” అన్నారు. ఆయన కెమెరా సంచిలో ఒక బూడిదరంగు అట్టముక్క ఉంటుంది. ఏ రంగూ కలవని శుద్ధమైన బూడిద. మనిషి పక్కన దాన్ని పెట్టి ఫోటో తీసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆ అట్ట మీద ఒక్కసారి నొక్కితే మూడు రంగుల అంకెలూ సమానమై, మిగతా రంగులు వాటి చోటికవి వచ్చి కూర్చుంటాయి. ఈ సంగతి ఎప్పుడో విన్నాను. అంకెలకి మొహం తెలియదన్న ఇంట్లో దాని అవసరం రాలేదు.

మామయ్యగారు నిద్రపోతున్న మధ్యాహ్నం, అత్తయ్యని వరండాలో కూర్చోబెట్టి అట్టముక్క చేతికిచ్చాను.

“ఇదేంటే, పలకలా? నేరస్తులకి పట్టించినట్టు పట్టిస్తున్నావు!”

“ఊరికే అత్తయ్యా. కదలకండి.”

స్క్రీన్ మీద అట్టని నొక్కాను. అత్తయ్య మొహం ఒక్కసారిగా ఎర్రమట్టి కలిపినట్టు మారింది. నాకు ఎంతమాత్రం నచ్చలేదు. చెయ్యి తనంతట తనే నీలం వైపు వెళ్ళబోయింది. బలవంతాన ఆపుకుని అలాగే ప్రింటు తీశాను. రెండోది నాకు నచ్చినట్టు, అంటే మామయ్యగారు నేర్పినట్టు మార్చి తీశాను.

వాన వెలిసి కాస్త ఎండ వచ్చేదాకా ఆగి, రెండూ తీసుకుని మళ్ళీ అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఒకటి ఆవిడ చెంప పక్కన పెట్టాను. అంకెలు చేసినది. చెంప ఎక్కడ అయిపోయిందో కాగితం ఎక్కడ మొదలైందో తెలియనట్టు కలిసిపోయింది. రెండోది పెట్టాను. ఎవరో వేరే ఇంటావిడ, చలి దేశంలో ఉండే అత్తయ్య చెల్లెలు ఎవరైనా ఉంటే అలా ఉండేదేమో.

“ఏమైంది? బాగా రాలేదా?” అంది అత్తయ్య.

“బాగానే వచ్చింది అత్తయ్యా.”

“మరి అలా అయిపోయావేం?”

ఏం చెప్పను? రోజూ పొద్దున్న లేచి చూసే మొహాన్ని నేనెప్పుడూ సరిగ్గా చూడలేదని చెప్పనా? నా కళ్ళు బాగున్నాయి. చూపు మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నది.

తర్వాత రోజుల్లో పాత ఆల్బమ్‌ల ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచాను. నా పెళ్ళికి ముందువి కూడా. మొదట్లో మొహాలు మామూలుగానే ఉన్నాయి. తర్వాత్తర్వాత, తెల్లవారే ముందు చలి ఎక్కినట్టు, నీలం నెమ్మదిగా ఎక్కుతూ వచ్చింది. ఏ ఏడాదిలోనూ ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించలేం. నేను వచ్చేనాటికి బాగా చల్లబడి ఉంది. అందుకే నాకు అదే మామూలు.

ఊళ్ళోవాళ్ళకి కావలసిన నీలం ఎంతో కొలిచాను. నీడల్లో ఎంత, బుగ్గల మీద ఎంత, వెలుతురు పడ్డ చోట ఎంత. ఆయన చేసిన మంచి ఆల్బమ్‌లన్నీ పక్కన పెట్టుకుని, అన్నిటికీ సరిపడేదాకా దిద్ది, సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్‌గా దాచాను. ఏ ఫోటో మీదైనా ఒక్కసారి నొక్కితే వెన్నెల వస్తుంది. ఇక ఆ రంగుకోసం కన్ను పాడుచేసుకోనక్కర్లేదు. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. పరుగున వెళ్ళి మామయ్యగారిని పిలుచుకొచ్చాను.

ఆయన నల్లకాగితం అద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చేసిన ఫోటో ఒకటి, నేను మీట నొక్కి చేసినది ఒకటి, పక్కపక్కన పెట్టాను.

“మామయ్యగారూ, ఇందులో మీరు చేసింది ఏది?”

చాలాసేపు చూశారు. ఒకదాన్ని చూపించారు. అది నాది.

చెప్పాను. అంతా చెప్పాను, గబగబా, చిన్నపిల్లలా. ఆయన వింటూ అద్దాలు తీసి, నల్లకాగితాన్ని గోటితో నెమ్మదిగా గీకి తీసేశారు.

“అయితే నా కన్ను అందులో పెట్టేశావన్నమాట.”

“అవును మామయ్యగారూ. ఇక మీరు నిశ్చింతగా ఆపరేషన్...”

“మంచిది,” అని లేచి, తెర తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన షాపులోకి రాలేదు. పలకరిస్తే పలికేవారు, అన్నం పెడితే తినేవారు. వరండాలో కూర్చుని వాన చూసేవారు. మేలు చేశాననుకున్నాను. ఒక మనిషి ఇన్నేళ్ళ పనిని ఒక్క మీట కింద పెట్టి, ఇదిగో చూడండి అని ఆయనకే చూపించాను. మేలా, కీడా? మా ఆయనని అడిగితే, “మంచి పనే చేశావు, ఎందుకలా ఉంటావు?” అన్నారు. అత్తయ్యని అడిగితే, “ఆయనకి కోపమొస్తే అరుస్తారు. అరవడం లేదంటే ఏదో ఆలోచిస్తున్నారు,” అంది. ఈ మధ్యలో షాపుకి వచ్చినవాళ్ళందరికీ నేను మీట నొక్కి ఇస్తూనే ఉన్నాను. వాళ్ళు, “మీ మామయ్యగారి చేయే చేయి!” అని మెచ్చుకుంటుంటే తలదించుకుని కవరులో పెట్టి ఇచ్చేదాన్ని.

ఒక పొద్దున్న ఆయనే అత్తయ్యని కేకేశారు.

“ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. ఈ కన్ను ఇక షాపుకి అక్కర్లేదట. దాన్ని కూడా బాగుచేయించేద్దాం.”

అత్తయ్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వానలు వెనకపడుతున్న రోజుల్లో రెండో ఆపరేషన్ అయింది. అద్దాలు లేకుండా, రెండు కళ్ళూ తెరుచుకుని ఆయన మళ్ళీ షాపులోకి వచ్చిన రోజు, పక్కవీధి టైలరమ్మ కూర్చుని ఉంది. కొత్త షాపు పెడుతోంది, బోర్డు మీదికి తన ఫోటో కావాలంది. మా ఆయన ఊళ్ళో లేరు, నేనే తీశాను. అప్పటికి ప్రతి ఫోటోలోనూ అట్టముక్క పెట్టడం అలవాటైంది. స్క్రీన్ మీద రంగు సరిచేసి, మీట దాకా చెయ్యి వెళ్ళి ఆగింది.

“మామయ్యగారూ, ఎలా చెయ్యమంటారు?”

ఆయన నా వెనక నిలబడి ఉన్నారు. కుర్చీ లాగి ఇచ్చినా కూర్చోలేదు.

“నన్నడుగుతావేం? మనిషి ఎదురుగా కూచునుంది. ఆవిణ్ణి చూడు.”

చూశాను. నల్లటి నలుపు ఆవిడ. నుదుటి దగ్గర, దవడల దగ్గర ఎరుపు కలిసిన మెరుపు. ముక్కు పక్కన కాస్త మసక.

“ఏంటమ్మా అలా చూస్తున్నావ్?” అంది టైలరమ్మ.

“మీ రంగు చూస్తున్నానండీ.”

“చూడు చూడు. మా ఆయన కూడా ఇంతసేపు చూడలేదు ఎప్పుడూ.”

రెండు రకాలుగానూ చేసి చూపించాను. ఆవిడ ఉన్నట్టు ఒకటి, వెన్నెల్లో ఒకటి. ఆవిడ ఆలోచించకుండా వెన్నెల మీద వేలు పెట్టింది. “ఇదే. ఊళ్ళో అందరి ఫోటోలూ ఇలాగే ఉన్నాయి. నాదొక్కటీ వేరేగా ఉంటే ఎలా?”

మామయ్యగారు వంగి ఆ ఫోటో చూశారు. ఆ రంగుని ఆయన రెండు మంచి కళ్ళతో చూడటం అదే మొదటిసారి. ఆయనకి అందులో ఏం కనిపించిందో నాకు తెలియదు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

“కొంచెం ఎక్కువైంది అమ్మాయ్. తగ్గించు,” అన్నారు.

నీలాన్ని కొంచెం వెనక్కి లాగాను.

“ఇంకొంచెం.”

లాగాను. టైలరమ్మ కూడా లేచి వచ్చి మా పక్కన నిలబడింది. నుదుటి మీద ఎరుపు నెమ్మదిగా తిరిగొస్తోంది.

“అబ్బే,” అంది ముందు. తర్వాత ఇంకాస్త దగ్గరికి వంగింది.

“చాలు. అక్కడ ఆపు,” అన్నారు మామయ్యగారు.

నేను తల తిప్పి ఆవిడ మొహం చూశాను. మళ్ళీ స్క్రీన్ చూశాను. నాకు చాలలేదు. ఇంకాస్త లాగాను.

మామయ్యగారు ఈసారి ఆపమనలేదు. ఇందాక నేను లాగి ఇచ్చిన కుర్చీలో కూర్చున్నారు.